కరెంటు సైకిళ్ళ మీద సూర్యలంకకు

మా ఆవిడ సైకిలు తొక్కగలదని నాకు పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు గాని తెలియలేదు. తెలియడానికి కారకుడు నా పాత విద్యార్థి ఒకడు. కిందటి సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు సాయంకాలం వాడు దుగ్గిరాలలో మా యింటి ముందు ట్రాలీ ఆటో ఆపి, అందులోంచి లావుపాటి సైకిలొకటి దింపించాడు. అది మోటారు సైకిలు కాదు, మామూలు సైకిలూ కాదు. "కరెంటు సైకిలు, మాస్టారూ" అన్నాడు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూపించినంత వినయంగా.

ఈ కుర్రవాడు నా దగ్గర బి.ఏ. చదివాడు. నేను చెప్పే తెలుగులోనే రెండుసార్లు తప్పాడు. ఆ ఘనతలో నాకూ కొంత వాటా వుంది. తరువాత హైదరాబాదు పోయి కొన్నేళ్ళు ఇంటింటికీ పార్సిళ్ళు అందించే ఉద్యోగం చేసి, ఆ పరుగు పడలేక సొంతవూరు బాపట్ల వచ్చేశాడు. తల్లి గాజులు బ్యాంకులో పెట్టి నాలుగు కరెంటు సైకిళ్ళు కొన్నాడు. బాపట్లలో రైలు దిగిన సంసారుల్ని వాటి మీద సూర్యలంక తీసుకుపోయి, అక్కణ్ణించి తీరం వెంబడి పల్లెలు చూపించి, పొద్దుగూకే లోపల మళ్ళీ రైలెక్కించడం వాడి ఆలోచన. ఇంకా వ్యాపారం కాలేదు. ముందు మేమిద్దరం వచ్చి, బాగుంటే బాగుందనీ, లేకపోతే లేదనీ చెప్పాలట. "మీరైతే మొహమాటపడరు, మాస్టారూ" అన్నాడు. రెండుసార్లు తప్పినవాడికి కాక ఆ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది!

మా ఆవిడకు నాలుగేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. డాబా మెట్లెక్కడం మానేసింది. అందుచేత వాడి మాట నేను మర్యాదగా తోసిపుచ్చబోతూ వుండగా, ఆవిడ కొంగు దోపుకుని ముందుకొచ్చి హ్యాండిలు పట్టుకుంది. "హైస్కూలుకు రోజూ సైకిలు మీదే పోయేదాన్ని లెండి" అంది. ఇరవై రెండేళ్ళలో ఈ ముక్క ఎన్నడూ అననిదేమని అడిగితే, "మీరెప్పుడడిగారు?" అంది.

ఆ సైకిలు సంగతి కొంచెం చెప్పాలి. వెనకచక్రం మధ్య గిన్నెలాంటి మోటారు, నడిమి కడ్డీలో బ్యాటరీ వుంటాయి. మనం పెడలు తొక్కితే అది కనిపెట్టి మోటారు తానూ ఒక చెయ్యి వేస్తుంది. మనం ఆపితే తానూ ఆపుతుంది. అదీగాక కుడిచేతి పిడికి ఒక మెలిక వుంది. దాన్ని తిప్పితే తొక్కే పని లేకుండా బండి దానంతట అదే పోతుంది. ఈ మెలిక మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆనాడు నాకు కలిగిన అవమానమంతా దానివల్లనే. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే మన దేశంలో ఇటువంటి బండికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కరలేదు. బ్యాటరీ 36 వోల్టులది, 10 ఆంపియర్ అవర్లది. అంటే నిండా ఎక్కించినా అందులో పట్టేది యూనిట్లో మూడో వంతు పైచిల్లర కరెంటు. మనిషి తొక్కుతూ పోతే నలభై కిలోమీటర్లకు పైగా వస్తుంది. మెలిక మీదనే పోతే పాతికకు మించడం కష్టం.

ఇదేదో నిన్న మొన్న పుట్టిన వింత అనుకున్నాను. కాదు. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనకచక్రంలో మోటారు పెట్టిన సైకిలుకు పేటెంటు తీసుకున్నాడు. తొక్కుడును కనిపెట్టి సాయం చేసే పద్ధతిని మాత్రం 1993లో జపానులో యమహా కంపెనీ బజారులోకి తెచ్చింది. 2022లో హాలెండులో అమ్ముడుపోయిన కొత్త సైకిళ్ళలో సగానికి పైగా ఇవేనట. హాలెండువారు మనకు కొత్తవారేమీ కారు సుమా. 1606లోనే మన నిజాంపట్నం రేవులో వర్తకశాల పెట్టుకున్నారు.

దుగ్గిరాల అనగానే బయటివాళ్ళకు పసుపు మార్కెట్టు గుర్తుకొస్తుంది. మాకు మాత్రం ముందు లాకులు. కృష్ణా పశ్చిమ కాలువ ఇక్కడ చీలి డెల్టా మీదికి పోతుంది. ఒకప్పుడు పడవలు కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాం చేరి, అక్కడ బకింగ్‌హాం కాలువలో పడి చెన్నపట్నం దాకా పోయేవి. ఆ పడవలు పోయాయి, గట్లు మిగిలాయి. గంటకింత అని అద్దె సైకిలు తెచ్చుకుని నేను తొక్కడం నేర్చింది ఆ గట్టు మీదనే. ఇప్పుడు వారంరోజుల పాటు తెల్లవారుజామున మా ఆవిడ సాధన చేసిందీ ఆ గట్టు మీదనే. పసుపు ఉడకబెట్టే కళ్ళాల దగ్గర ఆడవాళ్ళు పని ఆపి నిలబడి చూసేవారు. మొదటి రోజు నవ్వారు. మూడో రోజు ఒకామె "నేనొకసారి ఎక్కనా అమ్మగారూ?" అని అడిగింది.

ఆవిడ అంత ఉత్సాహపడుతూ వుంటే నాకు మాత్రం లోపల గుబులుగానే వుంది. పేపర్లు దిద్దే పని వుందన్నాను, ఎండన్నాను, జలుబన్నాను. అసలు సంగతి వేరు. 2001 కార్తీకమాసంలో, నేను ఎం.ఏ. చదివే రోజుల్లో, తొమ్మిదిమంది స్నేహితులం వనభోజనాలని సూర్యలంక వెళ్ళాం. ఎనిమిదిమందిమి తిరిగి వచ్చాం. పోయినవాడూ నేనూ ఒకే గదిలో వుండేవాళ్ళం. అప్పటినుంచి నేను బాపట్ల ఎన్నోసార్లు వెళ్ళాను గాని, ఆ తొమ్మిది కిలోమీటర్ల దారి తొక్కలేదు. మా ఆవిడకు ఈ కథ పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పాను. ఆవిడ మరిచిపోలేదు కాబోలు, శనివారం రాత్రి పడుకోబోతూ, "మీరు నీళ్ళలోకి దిగవద్దు. దూరంగా కూచోండి. కాని రండి" అంది.

ఆదివారం పొద్దున్నే దుగ్గిరాలలో రైలెక్కి, తెనాలి, నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరాం. ముందు మావాడు, వాడి వెనక మా ఆవిడ, తరువాత నేను, అందరికన్నా వెనక వాడి పిన్నికొడుకు. తోవ చూపేవాడు ముందుంటే చాలదు, వెనకా ఒకడుండాలని మావాడి సిద్ధాంతం. కోతలైపోయిన వరిచేలలో మినుము పచ్చగా వుంది. ఊరు దాటిన కొద్దీ నల్లరేగడి తేలికపడి, చివరకు ఇసుకా, సరుగుడు తోటలూ వచ్చాయి. మా ఆవిడ మోకాలు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. నేను రెండు మూడుసార్లు వెనకనుంచి "నెమ్మది, నెమ్మది" అని కేకవేశాను. ఆవిడ వినిపించుకోలేదు.

సూర్యలంకలో ఆగకుండా, ఈశాన్యపు గాలి వీపున వుండగానే నైరుతి దిక్కుగా తీరం పక్క దారి పట్టాం. సముద్రం ఎడమచేతి వైపు సరుగుడు చెట్ల సందున తళతళమంటూనే వుంది. నేను కుడివైపే చూశాను. ఒడ్డునున్న ఇసుక మీద చక్రం పెట్టనివ్వలేదు మావాడు. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట చేసి, ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెట్టిపోతాయి. ఆ గుంట పైకి కనబడదు.

ఒక తోట దగ్గర దింపి దొరువు చూపించాడు. దొరువంటే ఇసుకనేలలో గరాటులాగ తవ్విన గొయ్యి. సముద్రం కూతవేటు దూరంలో వుందా, ఆ గోతిలో నీళ్ళు తాగి చూస్తే కొబ్బరినీళ్ళలాగున్నాయి! వానకు కురిసిన నీరు ఇసుకలోకి ఇంకి, తేలిక గనక కిందనున్న ఉప్పునీటి మీద తేలుతూ వుంటుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 అడుగుల మందం మంచినీరే వుంటుందని శాస్త్రజ్ఞుల లెక్క. కాని తోడుకోవడంలో వుంది కిటుకంతా. వెనకటి రైతులు గోతిలోకి దిగి కుండలతో ముంచి వేరుశనగకూ కూరగాయలకూ పోసుకునేవారు. మోటారు బిగించి ఒక్కపెట్టున లాగితే పైనున్న మంచినీరు తరిగి, కింది ఉప్పునీరు పైకి పొంగుతుంది. ఒకసారి పొంగిందా, ఆ దొరువు చాలాకాలం పనికిరాదు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రంవారు దీనికొక ఉపాయం చూపారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, పైపొరలో నీరు మాత్రమే నెమ్మదిగా ఒక బావిలోకి దిగేటట్టు చేస్తే, మోటారు పెట్టినా ఉప్పు పొంగదు.

"బ్యాటరీ కూడా దొరువే, మాస్టారూ. మెల్లిగా తోడుకోవాలి" అన్నాడు మావాడు. తెలుగులో తప్పినవాడు ఉపమాలంకారం ఇంత బాగా చెబుతాడని అనుకోలేదు. కాని నేను వినలేదు. వచ్చేటప్పుడే చాలా దూరం మెలిక మీద దర్జాగా వచ్చాను. తిరుగు ప్రయాణంలో ఈశాన్యపు గాలి మొహాన కొట్టడం మొదలయ్యేసరికి, ఒక్క నిమిషం తొక్కి మళ్ళీ మెలికే తిప్పాను. సూర్యలంక చేరేసరికి నా బండి మీది దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పాతిక కిలోల ఇనుము నా కాళ్ళ మీద పడింది. మా ఆవిడ బండికి ఇంకా సగం కరెంటుంది. ఆవిడ మొదటినుంచీ తొక్కుతూనే వచ్చింది మరి.

టీ కొట్టులో గంటసేపు కరెంటు ఎక్కిస్తే బాపట్ల దాకా వస్తుందన్నాడు. ఆ గంటా ఎక్కడ గడపాలి? ఎదురుగా సముద్రం తప్ప మరేమీ లేదు.

ఆదివారం గనక జనం బాగానే వున్నారు. మావాడు మమ్మల్ని తడి ఇసుక దగ్గరే ఆపి, "ఇక్కడినుంచి చూసి చెప్పండి, మాస్టారూ. దిగాలంటే ఎక్కడ దిగుతారు?" అన్నాడు. నేను చూశాను. రెండు పక్కలా అలలు విరిగి తెల్లగా నురగలు కక్కుతున్నాయి. నడుమ ఒకచోట మాత్రం అల లేదు. నీరు నల్లగా, నున్నగా వుంది. అక్కడన్నాను. "అక్కడే చచ్చిపోతారండీ" అన్నాడు.

అలలు ఒడ్డుకు మోసిన నీరంతా తిరిగి పోవాలి గదా! నీటి అడుగున ఇసుకదిబ్బల మధ్య లోతైన సందు చూసుకుని, పాయగట్టి అక్కణ్ణించి లోపలికి ఉరుకుతుంది. లోతెక్కువ గనక అక్కడ అల విరగదు. పైకి నెమ్మదిగా కనబడుతుంది. పిల్లలున్నవాళ్ళూ, అలలంటే భయపడేవాళ్ళూ మంచిచోటని అక్కడే దిగుతారు. ఆ పాయ మనిషిని కిందికి లాగదు, దూరంగా తోసుకుపోతుంది. ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డు వైపు ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటితే, తరువాత అలలే తెచ్చి పడేస్తాయి. అది చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఇదంతా వాడు ఒక జాలరి పెద్ద దగ్గర నేర్చుకున్నాడట.

మా స్నేహితుడికి ఈత రాక కాదు. కృష్ణకాలువల్లో ఈదినవాడు. కాలువలో ఎదురీదడమే గొప్ప. వాడు ఒడ్డు వైపే ఈదాడు, చాలాసేపు ఈదాడు. మేము చప్పట్లు కూడా కొట్టాం, సరదాకు ఈదుతున్నాడనుకుని. ఇన్నేళ్ళుగా నేను ఈ సముద్రం వాణ్ణి కావాలని మింగిందన్నట్టు దాని మీద కోపం పెట్టుకున్నాను. అది ఎటు పోతుందో మాలో ఒక్కడికి తెలిసినా చాలునని నాకు ఆ ఇసుకలో కూచున్నాక తోచింది. మా ఆవిడ పక్కన కూచుని వేరుశనగకాయలు ఒలిచి నా చేతిలో పెడుతూ వుంది. ఏమీ అడగలేదు.

ఒక కుటుంబం ముగ్గురు పిల్లలతో ఆ నున్నని చోటుకే నడుస్తూ వుంటే, మావాడు లేచి పరుగెత్తి ఏదో చెప్పాడు. ఆ తండ్రి మొదట విసుక్కున్నాడు. తరువాత పిల్లల్ని చెయ్యిపట్టుకుని ఇవతలికి తీసుకొచ్చాడు.

బాపట్ల స్టేషనులో మావాడు చిన్న నోటుపుస్తకం తీసి, "చెప్పండి" అన్నాడు. మా ఆవిడ ముందే సిద్ధంగా వుంది. సీటు గట్టిగా వుంది, మార్చాలి. దారిలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి చూసిపెట్టాలి. మజ్జిగ ఇవ్వాలి. నలభై దాటిన మగవాళ్ళ బండికి ఆ మెలిక పీకేయాలి. వాడు నవ్వకుండా అన్నీ రాసుకుని నా వైపు చూశాడు.

ఆ రోజు మేము ఒడ్డున విప్పిన చెప్పులు లెక్కపెట్టాం గాని మనుషుల్ని కాదని చెప్పాను. అందరూ బట్టలు మార్చుకుని బస్సు దగ్గరకు నడిచిన తరువాత, ఇసుకలో ఒక జత మిగిలిందనీ, వాడు ఎంతసేపటికీ రాలేదని అప్పుడుగాని మాకు తెలియలేదనీ చెప్పాను. వాడు తల వంచుకుని రెండు మాటలు రాశాడు. తొంగి చూశాను. రెండింటిలోనూ అక్షరదోషాలున్నాయి. నేను దిద్దలేదు.