బోరు పెంచితే బండికి వచ్చేదెంత?

ఆవర్‌పూర్, గడ్‌చాందూర్ వైపు మన కుర్రాళ్లు పాత స్ప్లెండర్లకు బోరు పెంచుకుందామని చూస్తున్నారు. లెక్క వేద్దాం. బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5, అంటే 97.2 సీసీ. బోరు 52 చేస్తే 105 సీసీ. పెరిగేది 8 శాతమే!

కొందరు ఎయిర్ ఫిల్టర్ కూడా పీకేస్తారు. శబ్దం బాగుంటుందేమో గానీ, గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజిన్ కాగిపోతుంది. పైగా మనది సున్నపురాయి గనులు, సిమెంటు లారీలు తిరిగే ప్రాంతం. ఆ దుమ్ము సిలిండర్‌లోకి దూరి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. పెరిగిన ఆ కాస్త పవరూ పోతుంది.

అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీయే. ముందు ఫిల్టర్, ప్లగ్గు మార్పించి, వాల్వ్ సందు సరిచేయించి చూడండి.