భారత్-బంగ్లాదేశ్ ఛిట్‌మహళ్ళు

ఛిట్‌మహళ్ళు అనగా ఒక దేశానికి చెంది ఉండి, నాలుగు వైపులా పొరుగు దేశపు భూభాగముచే చుట్టబడిన చిన్న చిన్న నేల ముక్కలు. ఈ బెంగాలీ మాటలో ఛిట్ అంటే విడిపడిన తునక. తెలుగులో మహలు అనగానే తోచే రాజభవనానికి దీనితో సంబంధం లేదు. 2015 జూలై 31 అర్ధరాత్రి రెండు దేశాలు వీటిని మార్పిడి చేసుకొన్నాయి. అంతవరకు బంగ్లాదేశ్ లోపల 111 భారతీయ ఛిట్‌మహళ్ళు, భారతదేశం లోపల 51 బంగ్లాదేశ్ ఛిట్‌మహళ్ళు ఉండేవి.

యానాం కూడా పుదుచ్చేరికి చెందినదై, ఆంధ్ర నేల నడుమ ఉన్నది. అయితే యానాం నుండి కాకినాడ వెళ్ళేవారిని నేడు ఎవరూ పాస్‌పోర్టు అడగరు. ఛిట్‌మహళ్ళ చిక్కంతా అక్కడే ఉన్నది.

చరిత్ర

కూచ్ బెహార్ రాజు, రంగపూర్ ఫౌజుదారు చదరంగం ఆడుతూ గ్రామాలను పందెం కాసేవారని, అందువలననే ఈ ముక్కలు ఏర్పడినాయని ఒక కథ బాగా ప్రచారంలో ఉన్నది. ఇది వినడానికి బాగున్నా చరిత్ర కాదు. 1713లో మొగలులకు, కూచ్ బెహార్ రాజ్యానికి సంధి కుదిరింది. మొగలులకు దక్కిన ప్రాంతంలో కొందరు కూచ్ బెహార్ సామంతులు తమ భూములను వదలలేదు. అలాగే కూచ్ బెహార్ లోపల కొన్ని భూములు మొగలు సైనికుల చేతిలోనే మిగిలిపోయాయి. శిస్తు ఎవరికి కట్టాలన్నదే తప్ప, రాకపోకలకు అడ్డు లేదు కనుక అప్పట్లో ఇది పెద్ద సమస్య కాలేదు.

1947లో రంగపూర్ తూర్పు పాకిస్తానుకు వెళ్ళింది. 1949లో కూచ్ బెహార్ సంస్థానం భారతదేశంలో విలీనమైనది. పాత శిస్తు హద్దులు అంతర్జాతీయ సరిహద్దులుగా మారినాయి. 1952లో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా నిబంధనలు రావడంతో ఛిట్‌మహల్ వాసులు ఉన్నచోటనే చిక్కుబడిపోయారు.

వీటిలో మిక్కిలి విచిత్రమైనది దహలా ఖాగ్రాబాడి. బంగ్లాదేశ్ లోపల ఒక భారతీయ ఛిట్‌మహల్, దానిలోపల ఒక బంగ్లాదేశ్ ముక్క, ఆ ముక్క లోపల మరల ఈ భారతీయ నేల. విస్తీర్ణం రెండెకరాల లోపే. 2015 వరకు ఇటువంటి మూడు పొరల సరిహద్దు ప్రపంచంలో మరెక్కడా ఉండేది కాదు. అక్కడ ఉన్నది ఒక పొలం మాత్రమే.

ప్రజల జీవనం

2011లో రెండు దేశాలు కలిసి జరిపిన లెక్కల ప్రకారం ఛిట్‌మహళ్ళలో 51,549 మంది నివసించేవారు. పాస్‌పోర్టు కావాలంటే స్వదేశపు కార్యాలయానికి పోవాలి. అక్కడికి పోవాలంటే పాస్‌పోర్టు లేకుండా పరదేశపు నేల దాటాలి. అనగా చట్టాన్ని పాటించడానికి ముందు దానిని ఉల్లంఘించక తప్పదు. చాలాచోట్ల విద్యుత్తు, పాఠశాల, ఆసుపత్రి లేవు. దొంగతనం జరిగితే ఫిర్యాదు తీసుకొనే ఠాణా లేదు. పిల్లలను బయటి బడిలో చేర్చడానికి పొరుగు ఊరి వారి పేరును తండ్రి పేరుగా వ్రాయించేవారు. కాన్పుకు వెళ్ళిన స్త్రీలు ఆసుపత్రిలో వేరొకరిని భర్తగా చెప్పుకొన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఒప్పందములు

1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ మార్పిడికి అంగీకరించారు. కాని దేశపు భూమిని వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరి అని 1960లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 1974 మే 16న ఇందిరా గాంధీ, షేక్ ముజిబుర్ రెహమాన్ భూసరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ ఆ ఏడే ఆమోదించగా, భారతదేశం ఆమోదించడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. భారత్ ఇవ్వవలసినది 17,160 ఎకరాలు, పొందేది 7,110 ఎకరాలు కావడం అభ్యంతరాలకు ఒక కారణం. వాస్తవానికి ఆ భూములలో భారత ప్రభుత్వ పాలన ఏనాడూ సరిగా సాగలేదు. చివరకు 2015లో 100వ రాజ్యాంగ సవరణ ద్వారా ఒప్పందం అమలైనది.

మార్పిడి తరువాత

నివాసులు తమకు నచ్చిన పౌరసత్వాన్ని ఎన్నుకొన్నారు. భారత్ లోపలి బంగ్లాదేశ్ ఛిట్‌మహళ్ళ వారంతా భారతదేశాన్నే కోరుకొన్నారు. బంగ్లాదేశ్ లోపలి భారతీయ ఛిట్‌మహళ్ళలోని సుమారు 37,000 మందిలో వెయ్యికి లోపు మంది మాత్రమే భారత పౌరసత్వం కోరారు. తక్కినవారికి దేశం కంటే సాగుచేసుకొనే పొలమే ముఖ్యమైనదని దీనినిబట్టి ఊహించవచ్చు.

దహాగ్రామ్-అంగర్‌పోతా ఈ మార్పిడిలో చేరలేదు. అది నేటికీ భారత భూభాగం నడుమ ఉన్న బంగ్లాదేశ్ ప్రాంతమే. అక్కడివారు ప్రధాన భూభాగానికి వెళ్ళడానికి తీన్ బిఘా అనే 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు గల దారిని భారత్ 1992 జూన్ 26న తెరిచింది. మొదట్లో పగటిపూట గంట విడిచి గంట మాత్రమే అనుమతించేవారు. 2011 నుండి అది రాత్రింబవళ్ళు తెరిచి ఉంటున్నది.