మహానగరంలో శునకం: దాని అంగడి, దాని బాట

మన పల్లెలలో కుక్కను డబ్బిచ్చి కొనితెచ్చినవారు అరుదు. అది ఏ గడ్డివామి చాటుననో పుట్టి, ఏ ఇంటి అరుగు మీదనో పెరిగి, ఒక ఇంటి అన్నం తిని నాలుగు ఇండ్లకు కాపలా కాసేది. దాని మెడకు గొలుసు లేదు. తిరుగుటకు హద్దు లేదు. మహానగరం ఈ సంబంధాన్ని మార్చివేసినది. ఇక్కడ కుక్కలు రెండు తెగలుగా చీలిపోయినవి. ఒకటి వేల రూపాయలిచ్చి కొన్న కుక్క. నాలుగవ అంతస్తులో తలుపు వెనుక పెరుగుతుంది, గొలుసుతో వాహ్యాళికి వెళుతుంది. రెండవది ఎవరిదీ కాని కుక్క. చెత్తకుండీ వద్ద పుట్టి అక్కడనే బ్రతుకుతుంది.

ఈ రెండింటికీ సంబంధం లేదని మనం అనుకొంటాము. కాని కొన్న కుక్క మీద యజమానికి విసుగు పుట్టిన నాడు అది వీధికుక్క అవుతుంది. వీధిలోని రోగం ఇంటి కుక్కకు సోకుతుంది. ఇంటి కుక్క అశ్రద్ధ వలన వీధిలోని బాలుడు గాయపడతాడు. కాబట్టి నగరంలో కుక్కను పెంచుట ఇంటివారి వేడుక మాత్రమే కాదు. అది పౌరధర్మానికి సంబంధించిన విషయం. కుక్కను ఎక్కడ కొనాలి, ఎక్కడ త్రిప్పాలి అనే రెండు ప్రశ్నలను ఈ దృష్టితో హైదరాబాదు నగరాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

మన సంప్రదాయాలలో శునకం

కుక్క ప్రస్తావన రాగానే మన కళాశాల విద్యార్థులలో పలువురు తహారత్ విషయం అడుగుతారు. కుక్క లాలాజలం గురించి ఫికహ్ పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. వేటకు, పశువుల కాపలాకు, పొలం కాపలాకు కుక్కను ఉంచుకొనుటకు అనుమతి ఉన్నది. ఇంటిలో ఎవరేమి పాటించాలన్నది వారి వారి విశ్వాసానికి చెందినది. కాని దయ విషయంలో భేదాభిప్రాయం లేదు. ఖుర్ఆన్‌లోని గుహవాసుల వృత్తాంతంలో వారి కుక్క కూడా ద్వారం వద్ద ఉన్నది. దప్పిగొన్న కుక్కకు నీరు పోసిన కారణంగా దైవక్షమ పొందిన వ్యక్తి కథ హదీసులలో ప్రసిద్ధం. మహాభారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి పోవుటకు అంగీకరించలేదు. ఇంటిలోనికి రానివ్వని వాడు కూడా కుక్కను హింసించరాదన్నది ఈ కథలన్నింటి సారాంశం.

అంగడికి వెళ్లేముందు

పెంపుడు జంతువుల అంగళ్లు నేడు నగరమంతటా వెలసినవి. పాతబస్తీలో మహబూబ్ చౌక్ ప్రాంతపు ముర్గీ చౌక్ కోళ్లకు, పక్షులకు చాలాకాలంగా పేరుపొందినది. కొత్త నగరంలోని అద్దాల అంగళ్లలో కుక్కల ఆహారం, మెడపట్టాలు, మందులు, పరుపులు కూడా దొరుకుతున్నవి. అంగడి అందాన్ని చూచి కాక, దాని క్రమాన్ని చూచి కొనుట వివేకం.

ఈ వ్యాపారానికి మన దేశంలో రెండు నియమావళులు ఉన్నవి. కుక్కల పెంపకం, విక్రయాలపై 2017లో ఒకటి, పెంపుడు జంతువుల దుకాణాలపై 2018లో మరొకటి వెలువడినవి. రెండింటికీ మూలం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. వీటి ప్రకారం దుకాణదారుడు, సంతతి పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. టీకా వేయని కుక్కను, మైక్రోచిప్ అమర్చని కుక్కను పెంపకందారుడు అమ్మరాదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈతకు వాడరాదు.

ఎనిమిది వారాల నియమానికి బలమైన కారణమున్నది. కుక్కపిల్ల మూడవ వారం మొదలు తల్లితోను, తోడి పిల్లలతోను ఆడుకొంటూ కాటు బలాన్ని అదుపు చేసుకొనుట నేర్చుకొంటుంది. గట్టిగా కొరికితే తోడి పిల్ల అరచి ఆట మానివేస్తుంది, తల్లి మందలిస్తుంది. ఈ పాఠం ముగియకముందే తల్లి నుండి వేరుచేసిన పిల్ల పెరిగి పెద్దదైన తరువాత దేనిని ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియనిది కావచ్చును. నాలుగు వారాల పిల్లను చూచి ముద్దుపడి కొన్నవాడు తరువాత దాని కరచే స్వభావాన్ని నిందించుటలో న్యాయం లేదు.

కొనేవాడు అడగవలసినవి స్వల్పం: నమోదు పత్రం, టీకా పుస్తకం, పిల్ల పుట్టిన తేదీ. వీలైతే తల్లికుక్కను చూపమనాలి. తల్లిని చూపుటకు వెనుకాడే అమ్మకందారుని వద్ద కొనకుండుట మేలు. పిల్ల కండ్లు తేటగా, ముక్కు శుభ్రంగా ఉండాలి. ప్రక్కటెముకలు బయటపడి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే కడుపులో పురుగులున్నట్లు అనుమానించాలి.

ఏ జాతిని కొంటున్నామన్నది కూడా ఆలోచించవలసినదే. కుక్క ప్రధానంగా రొప్పుట ద్వారానే శరీర తాపాన్ని తగ్గించుకొంటుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కకు ఊపిరి త్రోవ ఇరుకు. వేసవిలో అది త్వరగా వడదెబ్బ తింటుంది. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో కనబడిన తరువాత ఈ జాతికి దేశమంతటా గిరాకీ పెరిగినది. దాని శ్వాస కష్టాన్ని మాత్రం ఏ ప్రకటనా చూపలేదు. మంచుదేశపు హస్కీకి ఒత్తైన రెండు పొరల బొచ్చున్నది. మే నెలలో దక్కను ఎండకు దానిని తెచ్చిపెట్టుట దానికి శిక్ష. మన ప్రాంతాలకు అలవడిన ముధోల్, కారవాన్, రాజపాళయం జాతులున్నవి. అయితే ఇవి పరుగుకు పుట్టిన వేటకుక్కలు. రెండు గదుల ఇంటికి తగవు.

అన్నిటికంటె ఈ గాలికి, ఈ ఎండకు తట్టుకొనగలది మన వీధిలో పుట్టిన దేశవాళీ కుక్క. దానిని కొననవసరం లేదు. 1992లో స్థాపించబడిన హైదరాబాదు బ్లూక్రాస్ వంటి సంస్థల ద్వారా దత్తత తీసుకొనవచ్చును.

అంగడి విషయంలో మరొక హెచ్చరిక. మన రామచిలుకలను, మునియా పిట్టలను, నక్షత్ర తాబేళ్లను పంజరాలలో అమ్మజూపేవారు అక్కడక్కడ కనిపిస్తారు. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. వీటిని అమ్మినవాడే కాదు, కొన్నవాడు కూడా నేరస్థుడే.

మొదటి నడకకు ముందు

పిల్లను ఇంటికి తెచ్చిన మరునాడే పార్కుకు తీసుకొనిపోవాలని పిల్లలు ఉబలాటపడతారు. అది ప్రమాదకరం. పుట్టిన పిల్లకు తల్లిపాల ద్వారా కొంత రక్షణశక్తి లభిస్తుంది. అది కొన్ని వారాలలో క్షీణిస్తుంది. అయితే అది శరీరంలో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పనిచేయదు. అందువలననే మొదటి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య వేసి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి మరల వేస్తారు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయస్సులో మొదలవుతుంది. తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం కొనసాగించాలి. ఈ వరుస ముగియకముందు ఇతర కుక్కలు తిరిగిన నేల మీదికి పిల్లను దింపరాదు. పార్వో అనే వైరస్ రోగి కుక్క మలం ద్వారా నేలను చేరి, అక్కడ నెలల తరబడి నిలిచి ఉంటుంది. రక్త విరేచనాలతో రెండు మూడు రోజులలో పిల్లను బలిగొనగల రోగమిది.

మూడు విధములైన బాటలు

నగరంలోని నడకదారులను కుక్క దృష్ట్యా మూడు విధములుగా విభజించవచ్చును.

మొదటిది, కుక్కల కొరకే నిర్మించిన చోటు. కొండాపూర్ ప్రాంతంలో 1.3 ఎకరాల స్థలంలో 2018లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఒక శునకవనాన్ని ప్రారంభించినది. అది మునుపు చెత్త పోసిన స్థలం. నడకదారి, నీటి మడుగు, శిక్షణ సాధనాలు, పెద్ద కుక్కలకు, చిన్న కుక్కలకు వేరువేరు ఆవరణలు ఏర్పాటు చేసినారు. ఈ విభజన అవసరం. పెద్ద కుక్క ఆటగా వేసిన పంజా చిన్న కుక్కకు ప్రాణాంతకం కావచ్చును.

రెండవది, అందరికీ చెందిన చోటు: వీధులు, చెరువు కట్టలు, రాతి గుట్టలు. హైదరాబాదు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. ఖాజాగూడ వంటి గుట్టల మీద నడుచుట మనిషికి ఆహ్లాదకరమే. కాని ఎండకు కాగిన బండ కుక్క పాదాలను కాల్చుతుంది. మన అరచేతి వెనుకభాగాన్ని బండ మీద ఉంచి ఏడు లెక్కపెట్టునంతవరకు ఓర్చుకోలేకపోతే కుక్కను దాని మీద నడిపించరాదు. తారురోడ్డుకు కూడా ఇదే పరీక్ష. వేసవిలో సూర్యోదయానికి ముందు, చీకటిపడిన తరువాత మాత్రమే నడక. వెంట నీరు తప్పక ఉండాలి.

మూడవది, కుక్క పోరాని చోటు. జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి వనం సుమారు 390 ఎకరాలు. అది జాతీయవనంగా ప్రకటించబడినది. దాని వెలుపలి కాలిబాట మీద కుక్కలతో నడిచేవారు కనబడతారు. లోపలికి మాత్రం కుక్కకు ప్రవేశం లేదు. కృష్ణజింకలున్న వనస్థలిపురంలోని హరిణ వనస్థలి విషయం కూడా అంతే. “నా కుక్క ఎవరినీ ఏమీ అనదు” అని వాదించేవారున్నారు. కాని నెమలి నేల మీదనే పొదల మాటున గుడ్లు పెడుతుంది. కుక్క వాసనకే అది గూడు విడిచిపోవచ్చును. అంతేకాదు, కుక్కల నుండి డిస్టెంపర్ అనే వైరస్ వన్యమృగాలకు సంక్రమించగలదు. 2018లో గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు వాటిలో కొన్నిటి శరీరాలలో ఈ వైరస్ కనుగొనబడినది. మృగరాజుకే తప్పని ముప్పు నెమలికి, జింకకు ఎంతటిదో గ్రహించవచ్చును.

బాట మీద పాటించవలసిన మర్యాద

బాట నాది ఎంతో ఎదుటివానిది కూడా అంతే. తెల్లవారుజామున ఒకే గల్లీలో కుక్కను త్రిప్పేవారు, ఫజర్ నమాజుకు పోయేవారు, పాలపొట్లాలు వేసేవారు, బడిపిల్లలు ఎదురుపడతారు. వుజూ చేసుకొని పోయే పెద్దమనిషి బట్టల మీదికి కుక్క ఎగబడితే, అది ప్రేమతో చేసినదైనా ఆయనకు ఇబ్బందియే. కుక్కను చూచి వణికే బాలికకు “కరవదులే” అన్న మాట ధైర్యమివ్వదు. గొలుసు పొట్టిగా పట్టుకొని ప్రక్కకు తొలగుట ధైర్యమిస్తుంది. కరచే స్వభావమున్న కుక్కకు మూతిచిక్కం తగిలించాలి. దాని మలాన్ని యజమాని కాగితంతో ఎత్తి కుండీలో వేయాలి. ఆ పని వీధులూడ్చే కార్మికురాలి మీదికి నెట్టుట సంస్కారం కాదు.

ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం తన జంతువు వలన మనుషులకు ప్రమాదం కలుగకుండ తగిన జాగ్రత్త తీసుకొనని యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. కుక్కను ఆకలిదప్పులకు విడిచిపెట్టుట 1960 చట్టం క్రింద నేరం. కాని ఆ చట్టం మొదటి నేరానికి నిర్ణయించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు మాత్రమే. వేల రూపాయలకు కొన్న ప్రాణిని యాభై రూపాయల భయంతో కాపాడలేము, అంతరాత్మ కాపాడవలసినదే.

వీధికుక్క, రేబిస్

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల దాడిలో మరణించినాడు. ఆ వార్త నగరాన్ని కలచివేసినది. అటువంటి వేళ కోపంతో కుక్కలకు విషం పెట్టుట పరిష్కారం కాదు. ఒక వీధిలో కుక్కలను తొలగిస్తే, అక్కడ చెత్త ఉన్నంతకాలం టీకాలు లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు శస్త్రచికిత్స, టీకా చేసి కుక్కను దాని చోటనే విడువవలెనని నిర్దేశించినవి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థిస్తూ, రేబిస్ సోకిన కుక్కలను, దాడిచేసే స్వభావం గల కుక్కలను మినహాయించినది. అదే సంవత్సరం నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషన్ల వంటి చోట్ల నుండి వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించవలెనని ఆదేశించినది. ఇది మన కళాశాల వంటి సంస్థలకు కూడా వర్తించేది.

మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతుల వరకు కుక్కల వలననే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70కి టీకా వేస్తే అక్కడ రోగవ్యాప్తి ఆగుతుంది. వైరస్ కాటు నుండి నరాల వెంట మెల్లగా మెదడుకు ప్రయాణిస్తుంది. లక్షణాలు కనబడిన తరువాత బ్రతుకుట దాదాపు అసాధ్యం. ఆ ప్రయాణం ముగియకముందే టీకా పనిచేయాలి. కుక్క కరచినా, గోరు గీరినా వెంటనే సబ్బుతో, పారే నీటి క్రింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. అదే రోజున ప్రభుత్వ ఆసుపత్రికి గాని, నారాయణగూడలోని ఐ.పి.ఎం.కు గాని వెళ్లాలి. గాయం లోతైనదైతే టీకాతో పాటు సీరం కూడా అవసరం. చెప్పిన రోజులలో చెప్పిన టీకాలన్నీ వేయించుకొనాలి. నొప్పి తగ్గినదని నడుమ మానుట ప్రాణాలకు ముప్పు.

మనం చేయదగినది

కళాశాల కమిటీ పెద్దలు మూడు పనులు తలపెట్టవచ్చును. క్యాంటీను ఎంగిలి విస్తళ్లకు మూతగల కుండీలు ఏర్పాటు చేయుట మొదటిది. ఆహారం దొరకని ఆవరణలో కుక్కలు గుమికూడవు. కాటుకు ప్రథమచికిత్సను తెలుగు, ఉర్దూ భాషలలో పలక మీద వ్రాయించి నీటి కుళాయి వద్ద కట్టించుట రెండవది. లూయీ పాశ్చర్ వర్ధంతి అయిన సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. ఆనాడు పశువైద్యుల సహాయంతో చుట్టుప్రక్కల బస్తీల కుక్కలకు టీకా శిబిరం నడుపుట మూడవది. జాతీయ సేవాపథకం విద్యార్థులకు ఇంతకంటె ప్రయోజనకరమైన పని అరుదు.

విద్యార్థులకు చెప్పదలచినది ఒక్కటే. కుక్క పది పన్నెండేండ్లు బ్రతుకుతుంది. డిగ్రీ చదివే మూడేండ్లలో ముచ్చటపడి తెచ్చి, ఉద్యోగం కొరకు ఊరు మారిన నాడు వీధిలో విడిచేవాడు దానిని అసలు తేకుండుటయే మేలు. తెచ్చినవాడు దాని తిండికి, టీకాకు, నడకకు, దాని వలన ఇతరులకు కలిగే ప్రతి ఇబ్బందికి చివరివరకు తానే బాధ్యుడు. ఆ బాధ్యతకు సిద్ధపడిన తరువాతనే అంగడి గడప త్రొక్కవలె.