ఎసైక్లోవిర్ కిటుకు

ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో దాదాపు 84.6 కోట్ల మందికి, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, జననాంగ హెర్పిస్ సోకి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించింది. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ రెండు రకాల్లో ఏదైనా దీనికి కారణం కావచ్చు. లైంగిక సంపర్కంలో చర్మం నుంచి చర్మానికి సోకుతుంది, నీటిపొక్కులు లేచి పుండ్లై మానుతాయి, కొందరిలో మళ్లీ మళ్లీ వస్తాయి, చాలామందిలో అసలేమీ బయటపడదు. ఈ వ్యాధికంటే ఎంతో ఆసక్తికరమైనది దీనికి వాడే ఎసైక్లోవిర్ అనే మందు కథ.

వైరస్ కణం సామగ్రితోనే బతుకుతుంది గనుక దాన్ని అణచే మందు కణాన్నీ చంపక మానదని ఒకప్పుడు చాలామంది పరిశోధకులు నమ్మారు. క్యాన్సర్ కోసం తయారై కంటి హెర్పిస్‌కు చుక్కల మందుగా మారిన ఐడాక్సూరిడిన్, వైరస్ డీఎన్ఏతోపాటు మనిషి డీఎన్ఏనూ పాడుచేసేది కాబట్టి, ఆ నమ్మకం పూర్తిగా నిరాధారమనీ అనలేము. అయితే హెర్పిస్ కొన్ని ఎంజైములను సొంతంగా తయారుచేసుకుంటుందన్న సంగతికి వారు తగినంత విలువ ఇవ్వలేదు.

డీఎన్ఏ గొలుసులో చేరవలసిన ప్రతి అణువుకూ ముందుగా మూడు ఫాస్ఫేట్లు తగలాలి. ఆ అణువుల్లో ఒకదానికి నకలైన ఎసైక్లోవిర్‌కు మొదటి ఫాస్ఫేట్‌ను తగిలించడం మన కణాలకు ఇంచుమించు చేతకాదు, కాబట్టి ఆరోగ్యకరమైన కణంలో అది ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. వైరస్ ఎంజైమైన థైమిడిన్ కైనేజ్ మాత్రం ఆ మొదటి ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది, మిగిలిన రెండింటినీ కణం చేరుస్తుంది. వైరస్ ఈ నకలును తన కొత్త డీఎన్ఏలో కలుపుకుంటుంది. కానీ తర్వాతి అణువు అతుక్కోవడానికి కావలసిన హైడ్రాక్సిల్ భాగం అందులో లేనందున గొలుసు అక్కడితో ఆగిపోతుంది. భస్మాసుర హస్తమంటే ఇదే. ఈ కిటుకును 1977లో వెల్లడించిన బృందంలోని గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ పంచుకున్నారు.

మందు పరిమితికీ కారణం ఈ కిటుకే. పుండు మానేలోపే వైరస్ నాడి వెంట పాకి, వెన్ను అడుగున నాడీకణాలు గుంపుగా ఉండే చోట నిద్రాణమవుతుంది. నిద్రాణమైన వైరస్ కైనేజ్‌ను తయారుచేయదు, కైనేజ్ లేనిచోట ఎసైక్లోవిర్‌కు పని లేదు. అందుకే ఈ మందు విజృంభణను అణచగలదు గానీ వ్యాధిని నిర్మూలించలేదు.

వాడకం సంగతికొస్తే, పొక్కులు మొదలవగానే మాత్రలు వేసుకుంటే త్వరగా తగ్గుతాయి, తరచుగా తిరగబెట్టేవారికి డాక్టర్లు రోజూ వాడమంటారు. దీని రూపాంతరమైన వలసైక్లోవిర్‌ను రోజూ వాడితే భాగస్వామికి సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2004లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పొక్కులు లేనప్పుడూ వైరస్ వెలువడుతుంది గనుక కండోమ్ అవసరం తప్పదు. ఇంత తెలివైన మందు చవకగా దొరుకుతున్నా, సిగ్గుపడి డాక్టరుకు చూపించుకోకుండా మందుల షాపువాడిచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు పూసుకునేవారికి కొదవ లేదు.