ముందు నీళ్లు పట్టనియ్యి

కుర్చీలో కూర్చున్న మనిషికి బస్సు తొందర ఉందంటే నేను కత్తి జోలికి పోను, నీళ్ల సీసా అందుకుంటాను. నల్లగొండ జిల్లా దేవరకొండలో నా కటింగ్ షాపుకు పొద్దున వచ్చేవాళ్లలో సగం మంది అచ్చంపేట బస్సుకో హైదరాబాద్ బస్సుకో పోవాల్సిన వాళ్లే. "అన్నా, జల్ది కానియ్యి. ఎంతసేపు పిసుకుతవు?" అంటారు. "జర ఆగు తమ్మీ, నీళ్లు పట్టనియ్యి" అంటాను. చెంపలకు మంటలు, గొంతు కింద గాట్లు, వారం తిరగకముందే పొక్కులు అంటూ వచ్చేవాళ్లను అడిగి చూస్తే, పది మందిలో ఎనిమిది మంది పొడి గడ్డం మీద నురగ పూసి గీసుకున్నవాళ్లే. వాళ్లు తిట్టేది మాత్రం బ్లేడును.

మా నాయినకు షాపు లేదు. పొది చంకన పెట్టుకొని డిండి దిక్కు ఊళ్లు తిరిగేవాడు. వేపచెట్టు కింద మనిషిని కూర్చోబెట్టి, ఎదురుగా తాను గొంతుక్కూర్చుని, ఇత్తడి గిన్నెలో వేళ్లు ముంచేవాడు. సబ్బు చాలా అరుదు. ఉత్త నీళ్లే. చెవి పక్క నుంచి మొదలుపెట్టి దవడ మీదుగా గదువ దాకా, మళ్లీ కింది నుంచి పైకి రుద్దేవాడు. ఎవరింట్లో పెళ్లి, ఎవరి బావిలో ఊట తగ్గింది, అన్నీ అప్పుడే మాట్లాడేవాడు. మాటల కోసం రుద్దుతున్నాడని ఊళ్లో అనుకునేవాళ్లు. గడ్డం నానేదాకా మనిషి లేచిపోకుండా ఉండటానికే ఆ మాటలని నాకు పనిలో పడ్డాక తెలిసింది. చివరికి బొటనవేలితో ఎదురు నిమిరేవాడు. గరగర పోయి వేలు జారితేనే కత్తి తీసి తోలు మీద రాసేవాడు. కూలి పైసలు కాదు, పంట వచ్చినప్పుడు కల్లం కాడ మేర.

ఆ రుద్దుడు వెనకున్న సంగతి ఇది. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైంది. పొడిగా ఉన్న గడ్డం వెంట్రుక, అంతే మందమున్న రాగి తీగంత మొండిదని చెప్తారు. నీళ్లు తగిలితే కెరటిన్ లోపల అణువుల మధ్య ఉన్న బలహీనమైన పట్లు కొన్ని సడలుతాయి. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం దాకా నీళ్లు తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు కోయడానికి కావాల్సిన బలం బాగా తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లయితే ఈ పని రెండు మూడు నిమిషాల్లోనే చాలావరకు అయిపోతుంది. చల్లటివైతే ఇంకాస్త ఆగాలి. అయితే ముఖం మీద జిడ్డు ఉంటే నీళ్లు వెంట్రుకను అంటకుండా జారిపోతాయి. అందుకే ముందు సబ్బుతో ఒకసారి కడగమంటాను, ముఖ్యంగా ఎండలో తిరిగొచ్చిన డ్రైవర్లను.

ఉక్కు ముందు వెంట్రుక ఎంత అనుకుంటాం. అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు 2020లో ఈ సంగతినే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. బ్లేడు ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా గీసేటప్పుడు వెంట్రుక వంగి ఒక కోణంలో అంచుకు తగిలితే, ఉక్కులో బలహీనమైన చోట చిన్న పెచ్చు ఎగిరిపోతుందట. బ్లేడు మొండిబారేది ఉత్త అరుగుదలతోనే కాదన్నమాట.

ఇక మా నీళ్ల సంగతి. నల్లగొండ మనిషి ఎక్కడికి పోయినా "మీది ఫ్లోరైడ్ నీళ్లు కదా, సబ్బు నురగ వస్తుందా?" అని అడుగుతారు. ఈ రెండూ వేరు. నురగను చంపేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతాయి. ఫ్లోరైడ్‌కు ఆ గుణం లేదు. పైగా కాల్షియం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి నీళ్ల నుంచి విడిపోతుంది కాబట్టి, ఫ్లోరైడ్ బాగా ఉన్న నీళ్లలో కాల్షియం తక్కువగా ఉండటమే తరచుగా చూస్తాం. అంటే తాగితే ఎముకలు వంచే బోరు నీళ్లు గడ్డానికి మంచి నురగనే ఇవ్వొచ్చు. పక్క చేను బోరు నీళ్లలో అదే సబ్బు పెరుగులా విరగొచ్చు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన దేశ ప్రమాణం. కాల్షియం, మెగ్నీషియంల వల్ల వచ్చే కాఠిన్యానికి ఆ అంకెలు 200, 600.

మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే ముసలోళ్లు కొందరికి ఫ్లోరోసిస్‌తో మెడ తిరగదు, గదువ పైకి లేవదు. తల వెనక్కి వాల్చమని అనలేం. దవడ కింద చర్మాన్ని సాగదీయడానికి చోటుండదు. అప్పుడు నేనే నేల మీద కూర్చుని కింది నుంచి గీస్తాను. తడి బట్ట దవడ కింద చాలాసేపు పట్టి ఉంచుతాను. అక్కడ నీళ్ల మీద తప్ప ఇంకేదాని మీదా భరోసా పెట్టలేం.

ఇప్పుడు ఇంటింటికీ నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం నల్లాలున్నాయి. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆ పథకం పైలాన్ లేచింది, తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి. బోరు మీదే ఆధారపడ్డ ఇంట్లో ఒక పని చేసి చూడొచ్చు. సీసాలో సగం నీళ్లు పోసి చిటికెడు సబ్బు తురుము వేసి ఊపండి. నురగ నిలిస్తే సరే. నీళ్లు పాలల్లే తెల్లబడి పైన తెట్టు కడితే ఆ నీళ్లు గడ్డానికి పనికిరావు. కాగబెడితే కాఠిన్యం కొంత అడుక్కు దిగుతుంది, గిన్నె అడుగున తెల్లటి పొర అదే. కానీ ఎంత కాగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

పాలమూరు వలస కూలీలు పని జాగాల్లో చెంబు నీళ్లతోనే గడ్డం గీసుకుంటారు. నల్లా తిప్పి బ్లేడు కడుక్కోవడం వాళ్లకు తెలియని భోగం. ఈ ముక్క జిలెట్ కంపెనీకి ఆలస్యంగా అర్థమైంది. వాళ్లు మన దేశం కోసం చేసిన ఒక రేజరును ముందుగా అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివే భారతీయ విద్యార్థులతో పరీక్షించారు. అందరూ మెచ్చుకున్నారు. ఇక్కడికి తెస్తే వెంట్రుకలు ఇరుక్కుని పనిచేయలేదు. పారే నీళ్లుంటేనే అది శుభ్రపడుతుంది మరి! తర్వాత కంపెనీ వాళ్లు మన ఇళ్లకొచ్చి, కప్పు నీళ్లు పక్కన పెట్టుకొని గీసుకునే మగవాళ్లను చూసి, 2010లో ఒకే బ్లేడుతో, 15 రూపాయలకు గార్డ్ అనే రేజరు తెచ్చారు. కప్పులో ముంచి ఆడిస్తే చాలు, శుభ్రం. మా నాయిన గిన్నెను ఒక్కసారి చూసినా సరిపోయేది వాళ్లకు.

ఇంట్లో గీసుకునేవాళ్లు స్నానం చేసి రాగానే గీసుకోవడం అన్నిటికన్నా తేలిక. లేదంటే తువ్వాలు గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, ముఖానికి చుట్టుకోండి. మరీ వేడి వద్దు, చర్మం ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, మధ్యాహ్నమైతే నేనే కుండ నీళ్లు కలుపుతాను. నురగ పని ఆ తడిని వెంట్రుక మీద నిలబెట్టడం. ఆరిపోతే మళ్లీ తడపాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది నిజమే, కానీ ఉంగరాల గడ్డమున్నవాళ్లకు తెగిన కొస చర్మం లోపలికే మొలిచి పొక్కవుతుంది. వాళ్లు వెంట్రుక వాలున్న దిక్కే గీసుకోవాలి. గొంతు దగ్గర ఆ వాలు ఒక్కొక్కరికి ఒక్కో తీరు, వేలితో చూసుకోవాల్సిందే.

గీసినాక పటిక. చిన్న గాట్ల రక్తం ఆపుతుంది, చర్మాన్ని బిగిస్తుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి, లోకమంతా మా జిల్లా పేరుతోనే పిలిచే, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిలోనూ పటిక జాతి అల్యూమినియం లవణమే కీలకం. సున్నం, బ్లీచింగ్ పొడి తోడు వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డిలో చేరి అడుక్కు దిగుతుంది. నా షాపులో పటిక రాయి అద్దం కింద ఉంటుంది, పక్కనే వాసన లోషన్ సీసా. కుర్రవాళ్లు సీసా అడుగుతారు. చర్మం పొడిబారిన వాళ్లకు నేను రెండూ పెట్టను. చల్లటి నీళ్లు కొట్టి, తువ్వాలు అద్ది పంపిస్తాను.