థ్రెడ్‌లు, తాళములు, ప్రతిష్టంభనము

ఒకే బ్యాంకు ఖాతా నిలువను రెండు థ్రెడ్‌లు, అనగా ఏకకాలమున నడచు రెండు పనివరుసలు, ఒక్కమారే మార్చినచో లెక్క తప్పవచ్చును. అందుచే జావా భాషలో ప్రతి వస్తువునకు ఒక తాళము కలదు. ‘సింక్రనైజ్డ్’ అను పదముచే దానిని ఒక థ్రెడ్ పట్టినచో, అది విడుచువరకు ఆ తాళమును కోరు తక్కినవి వేచియుండవలెను.

101వ ఖాతానుండి 102కు ఒక థ్రెడ్, 102నుండి 101కి వేరొకటి సొమ్ము పంపుచున్నవనుకొందము. ఒకటి 101 తాళమును, మరియొకటి 102 తాళమును పట్టి, ఎదుటిదాని తాళమునకై వేచును. ఏదియు విడువదు. ఇదియే డెడ్‌లాక్, అనగా ప్రతిష్టంభనము. పని నిలిచిపోవును, దోషసూచన మాత్రము దానంతట రాదు.

ప్రతిష్టంభనమునకు అవసరమగు నాలుగు పరిస్థితులను కాఫ్‌మన్ మొదలగువారు 1971లో వివరించిరి. ఇట్టి వలయాకార నిరీక్షణము అందొకటి. కావున సొమ్ము ఎటు పోయినను, చిన్నసంఖ్యగల ఖాతా తాళమునే ముందు పట్టవలెను. అప్పుడు రెండవ థ్రెడ్ తొలి తాళమువద్దనే ఆగును, వలయ మేర్పడదు.