దాదా కాలం జీపు మళ్లీ నడవాలంటే.. పానా కంటే ముందు పేపర్లు

కోస్గి, మద్దూరు, కొడంగల్ వైపు ఊళ్లలో ఒకప్పుడు పెళ్లికైనా, దవాఖానకైనా, అంగడికైనా జీపే దిక్కు. ఆ బండ్లు కొన్ని ఇప్పటికీ ఇంటి వెనక షెడ్డులో తుప్పు పడుతున్నాయి. వాటిని ఇంటి దగ్గరే బాగు చేసుకోవాలని పిల్లలకు ఉషారు. మంచిదే. కానీ చాలామంది మొదట పెయింట్ డబ్బా కొంటారు. డబ్బు మునిగేది అక్కడే.

ఈ జీపుకు మన హైదరాబాద్‌తో కొంచెం చుట్టరికం కూడా ఉంది. 1945లో పెట్టినప్పుడు కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్ అంటే మాలిక్ గులాం మహమ్మద్, నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మనిషి. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి తొలి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

ఇక అసలు విషయం. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? దాదా పేరు మీదే ఉండి, ఆయన పోయి ఏళ్లయితే ముందు పేరు మార్చాలి. రూల్ ప్రకారం యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలి, 3 నెలల్లో ఫారం 31 పెట్టాలి. మన ఇళ్లలో పొలం పాసుబుక్కు గుర్తుంటుంది, బండి గుర్తుండదు. వారసులు నలుగురుంటే అందరి ఒప్పుకోలు రాతలో తీసుకున్నాకే ఖర్చు మొదలుపెట్టాలి. లేకపోతే లక్షలు పెట్టి తయారుచేసిన బండిలో అందరూ వాటా అడుగుతారు.

ఆర్సీ మీద పాత ఫైనాన్స్ ఉంటే ఫారం 35 కావాలి. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత 5 ఏళ్లకోసారి రెన్యువల్. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు ఆ ఫీజు 10,000 రూపాయలు. గడువు దాటితే నెలనెలా పడే జరిమానా వేరు. మొత్తం ఎంతవుతుందో ఆఫీసులో ముందే అడిగి కాగితం మీద రాసుకోండి.

ఇంకో చిక్కు ఇంజన్. ఆర్సీలో పెట్రోల్ అని ఉంటుంది, బానెట్ ఎత్తితే డీజిల్! అనుమతి లేకుండా మార్చిన బండి తనిఖీలో ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కానీ దానితో రోజూ తిరగడానికి లేదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, అంతే.

పేపర్లు సరిగా ఉంటే ఛాసిస్ దగ్గర కూర్చోండి. పట్టీలు తగిలించే చోట్ల చిన్న సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే ఇనుము ఉంది, మొద్దుగా మోగితే లోపల తుప్పు తినేసింది. నంబరు కొట్టిన ముక్కను మాత్రం కోయొద్దు, గ్రైండర్ పెట్టొద్దు. చెరిగిన నంబరంటే దొంగబండి అనుకుంటారు.

ఏళ్లుగా ఆగిన ఇంజన్‌కు వెంటనే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకూడదు. స్పార్క్ ప్లగ్గులు, డీజిలైతే ఇంజెక్టర్లు తీసి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి ఒకరోజు వదిలేయాలి. తర్వాత చేత్తో తిప్పాలి. తిరిగితే సగం అదృష్టం. ఊడదీసే ముందు ప్రతి భాగానికి ఫోన్‌లో ఫొటో తీసుకోండి, నట్లు ఏవివి వాటి కవర్లో వేసి పేరు రాయండి. మూడు నెలల తర్వాత ఏదీ గుర్తుండదు.

ఇంట్లో పిల్లలుంటే ఇంకొన్ని జాగ్రత్తలు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బండి కిందికి దూరేటప్పుడు జాకీని, ఇటుకలను నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాలి. పెట్రోల్ ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ వద్దే వద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరే పేలుతుంది.

బ్రేకులు, స్టీరింగు, వైరింగు అయ్యాకే పెయింట్ సంగతి. బండి రోడ్డెక్కాక ఫోర్ వీల్ లివర్ వేసి తారు రోడ్డు మీద నడపొద్దు, గేర్‌బాక్స్ పక్కనున్న పెట్టె బిగుసుకుపోతుంది. అది బురదకు, ఇసుకకు.